పొగతోట ఆదివారం కాబోయే అమ్మల క్లాస్, 6 వారాలు పోయొచ్చాక నా రివ్యూ, మెట్లకి మాత్రం సున్నా

ముందు మెట్ల సంగతి చెప్పేస్తా, అది కడుపులో పెట్టుకుంటే మిగతాది రాయలేను. 42 మెట్లు. ఆరు ఆదివారాలు లెక్కపెట్టినా, ఆరుసార్లూ 42 యే. కడుపుతో ఉన్నోళ్ళకి క్లాస్ పెట్టినోళ్ళు పోయి పోయి రెండో అంతస్తులో పెట్టినారు, లిఫ్ట్ లేదు, మెట్ల గోడకి పట్టుకునేదానికి కడ్డీ ఒకవైపే ఉంది, అది కూడా మధ్యలో ఊడిపోయింది. మొదటి వారం సగం ఎక్కి ఆడే కూచుండిపోయినా, ఇక చాల్లే ఇంటికి పోదాం ఆటో ఎక్కి అనుకుంటా ఉంటే నా వెనకాల ఏడో నెల పొట్టతో ఇంకొకామె రొప్పుకుంటా వచ్చి నా పక్కన కూలబడి "నువ్వు కూడా ఆ క్లాస్‌కేనా" అనింది. అవునన్నా. "పైన ఏం చెప్తారో ఏమో గానీ ఈ మెట్లెక్కితే ఈడే కాన్పయిపోయేట్టుంది" అనింది. రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వినా నేను ఆ రోజు, నిజంగా.

పేరు రాయట్లేదు. పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. నెల్లూరోళ్ళకి పొగతోట గురించి కొత్తగా చెప్పేదేముంది, యాడ చూసినా ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు, "పొగతోటకి పోతా ఉండా" అంటే "ఎవరికి బాలేదు" అని అడిగే ఊరు మనది. అట్టాంటి సందులో ఒక క్లినిక్ పైన హాలు. ఆదివారం 10 నుంచి పన్నెండున్నర దాకా. ఆరు వారాలకి కలిపి 1500 తీసుకున్నారు, మనతో వచ్చేవాళ్ళకి ఫీజు లేదు. మా బ్యాచ్‌లో 11 మందిమి.

నేనెందుకు చేరానో చెప్తే గానీ ఈ రివ్యూ మీకు అర్థం కాదు. 2023లో నాకు ఒక కడుపు పదో వారంలో పోయింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అదే సమస్య, ఎవరూ ఏమీ అనలేదు. "పోయిందేదో పోయింది, వయసుంది, మళ్ళీ నిలుస్తది" అనేసి వారం రోజుల్లో అందరూ మామూలైపోయినారు, నేను కూడా అయినట్టే ఉన్నా. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో కొడిముద్ద, అదే పిల్లలు కావాలని తినే ప్రసాదం, తీసుకున్నాం. 2024 రొట్టెల పండక్కి మా అత్త స్వర్ణాల చెరువు దగ్గరికి తీసకపోయింది, కోరిక తీరినోళ్ళు రొట్టె ఇస్తే కోరుకునేవాళ్ళు తీసుకునే పండగ అది, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి సంతాన రొట్టె ఎవరి దగ్గరుందా అని ఆ జనంలో వెతికితే, మద్రాసు నుంచి వచ్చినామె ఒకామె, చంకలో పిల్లోడు, తలమీద కొంగు సర్దుకుని నా చేతిలో రొట్టె పెట్టి అరవంలో ఏదో అనింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ నాకు ఏడుపొచ్చింది. అది పండగ కాబట్టి ఎవరూ ఏమనలేదు ఏడిస్తే.

సెప్టెంబర్లో నెల తప్పింది. ఇంట్లో అందరికీ పండగ, నాకు మాత్రం భయం తప్ప ఇంకేం లేదు. బాత్రూంకి పోయిన ప్రతిసారీ ముందు చూసుకునేది రక్తం కనపడిందా అని. రోజుకి పదిసార్లు, పదిహేనుసార్లు. వేవిళ్ళు పోయి నాలుగో నెల వచ్చినా, స్కానింగ్‌లో గుండె కొట్టుకుంటా ఉంది బాగుంది అని డాక్టరమ్మ చూపించినా, ఆ సంతోషం పొగతోట నుంచి వేదాయపాళెం ఇంటికి వచ్చేలోపలే ఆవిరి. మా ఆయనకి కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు, ఇంట్లో ఉంటే నిద్రలో ఉంటాడు లేకపోతే డ్యూటీలో ఉంటాడు. మా అమ్మ కనిగిరిలో, మా నాయన మోకాళ్ళు పట్టేసి మంచం మీద, వదిలిపెట్టి రాలేదు. రోజూ ఫోన్ చేసేది. తిన్నావా, మాత్రేసుకున్నావా, నిద్రపోయినావా. మూడు ప్రశ్నలు. మూడింటికీ ఊ అంటే ఫోన్ పెట్టేసేది. పాపం ఆమె తప్పేం లేదు, నాలుగో ప్రశ్న ఉంటదని ఆమెకెవరూ చెప్పలేదు.

ఇంక ఏడిస్తే మా అత్త ఒకటే మాట. "కడుపుతో ఉన్నదానివి ఏడవకూడదమ్మాయ్, బిడ్డకి తగులుద్ది." దాంతో ఏడుపొకటి, ఏడ్చినందుకు బిడ్డకేమన్నా అయితదేమో అని భయమొకటి, రెండూ కలిసి రాత్రుళ్ళు నిద్ర లేదు. అయిదో నెల చెకప్‌లో బీపీ చూసి, కాళ్ళ వాపులు చూసి, అంతా అయ్యాక డాక్టరమ్మ చీటీ రాస్తానే తల ఎత్తకుండా "మనసెట్టుంది" అనింది. అంతే, కుర్చీలో కూచున్నదాన్ని కూచున్నట్టే ఏడ్చేసినా. బయట యాభై అరవై మంది ఉన్నారు, ఆమెకి టైం లేదు, తప్పు పట్టను, టిష్యూ ఇచ్చి ఒక చీటీ మీద ఈ క్లాస్ ఫోన్ నంబరు రాసిచ్చింది. అట్ట వచ్చినా ఆ 42 మెట్ల దగ్గరికి.

క్లాస్ అంటే ఏముంటది అని అడుగుతారు. మొదటి గంట వ్యాయామం, శ్వాస. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకమ్మాయి వస్తది, నడుం నొప్పికి నాలుగు రకాలు చూపించింది, బాగానే ఉండాయి, కానీ ఇవన్నీ ఫోన్లో వీడియోలు చూసి కూడా చేసుకోవచ్చు, దీనికోసమైతే 1500 దండగ. శ్వాస తీసుకునేటప్పుడు పెట్టే ఆడియో అయితే మరీ ఘోరం, ఎవరో ఇంగ్లీషులో గుసగుసలాడతా ఉంటాడు, సముద్రం ఒడ్డున ఉన్నట్టు ఊహించుకో అంటాడు. మైపాడు పోతే నిజం సముద్రమే ఉంది కదా సామీ, ఊహించుకునేదేంది. కోటమిట్ట నుంచి వచ్చే ఆమెకి ఇంగ్లీషు రాదు, ఆమె కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోయేది, బహుశా మా అందర్లోకీ ఎక్కువ రిలాక్స్ అయింది ఆమే.

మధ్యలో మజ్జిగ, ఉడకబెట్టిన శనగలు ఇస్తారు. శనగలకి అయిదు స్టార్లు. తాలింపులో ఇంగువ వేసి, మామిడికాయ ముక్కలు సన్నగా తరిగి కలుపుతారు, కింద క్లినిక్‌లో పనిచేసే ఆయమ్మ చేస్తదంట, ఆయమ్మకి నా దండం.

అసలు సరుకు ఆ శనగల తర్వాత మొదలయ్యేది. కౌన్సిలర్ మేడం ఉంటది, ఒంగోలామె, యాభై దాటినట్టుంది, గట్టి గొంతు. ఆమె మొదటి వారమే ఒక పనిచ్చింది. కాయితం మీద నాలుగు గడులు గీయమనింది. పని తోడు, డబ్బు తోడు, తెలివి తోడు, మాట తోడు. పని తోడు అంటే వంట చేసి పెట్టేవాళ్ళు, ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళు. డబ్బు తోడు అంటే అదే. తెలివి తోడు అంటే ఇది తినొచ్చా, ఈ నొప్పి మామూలేనా అని అడిగితే సరిగ్గా చెప్పేవాళ్ళు. మాట తోడు అంటే రాత్రి రెండు గంటలకి భయమేస్తే ఫోన్ చేసి "నాకు భయంగా ఉంది" అని చెప్పగలిగినవాళ్ళు, చెప్తే ఊరుకో అనకుండా వినేవాళ్ళు. ఒక్కో గడిలో పేర్లు రాయమనింది.

పని తోడు గడిలో ఆరుగురు పేర్లు రాసినా. మా అత్త, ఆడబిడ్డ, పక్కింటి పెద్దమ్మ, మా ఏరియా ఆశా అక్క, అట్ట. డబ్బు గడిలో ముగ్గురు. తెలివి గడిలో డాక్టరమ్మ, ఏఎన్ఎం నర్సమ్మ. నాలుగో గడిలో పెన్ను పెట్టి అట్టనే ఉండిపోయినా. పక్కన చూస్తే మెట్ల మీద కలిసిన బుచ్చి అక్కది కూడా ఖాళీ. బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చేది కాబట్టి ఆమెకా పేరు. ఆమెకి ఇది రెండో కాన్పు, మొదట ఆడపిల్ల, ఇంట్లో అందరూ చానా బాగా చూసుకుంటారు, కానీ ప్రతివాళ్ళూ పొట్ట వంక చూసి "ఈసారైనా" అనేసి ఆపేస్తారంట. ఆ "ఈసారైనా" తర్వాత ఏముందో అందరికీ తెలుసు, ఆమె ఎవరికి చెప్పుకుంటది. మేడం అందరి కాయితాలూ చూసి ఒకటే అనింది, మన ఇళ్ళలో కడుపుతో ఉన్నామెకి పని తోడుకి లోటుండదు, నెయ్యి వేసి తినిపిస్తారు, బరువు ఎత్తనీరు, అందుకే నాకేం తక్కువ అని మనం నోరెత్తం, ఆ నాలుగో గడి ఖాళీగా ఉన్నట్టు మనకే తెలీదు అని. ఈ ఒక్క కాయితానికి ఇచ్చేయొచ్చు 1500.

రెండో వారం పది ప్రశ్నల కాయితం ఇచ్చింది. అది స్కాట్లండ్‌లో ఎడిన్‌బరోలో 1987లో తయారుచేసిందంట, ముందు బాలింతల కోసం చేసినారు, తర్వాత గర్భిణులకి కూడా వాడతా ఉన్నారు. పోయిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, ఊరికూరికే నిన్ను నువ్వే తిట్టుకున్నావా, కారణం లేకుండా భయమేసిందా, దిగులుతో నిద్ర పట్టలేదా, ఏడ్చావా, ఇట్ట ఉంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 30. మన స్కూల్ లెక్క కాదు, ఎక్కువ వస్తే మంచిది కాదు. నాకు 14 వచ్చింది. చిన్నప్పుడు లెక్కల్లో కూడా ఇంత టెన్షన్ పడలా. మేడం పక్కకి పిలిచి, ఇది జబ్బు అని తేల్చే పరీక్ష కాదు, నీ గురించి ఒక డాక్టర్ కాస్త టైం పెట్టి వినాల్సిన అవసరం ఉంది అని చెప్పే కాయితం, అంతే అనింది. పదో ప్రశ్న గురించి మాత్రం అందరికీ గట్టిగా చెప్పింది. తనకి తాను హాని చేసుకోవాలని అనిపించిందా అనేది ఆ ప్రశ్న. దానికి రవ్వంత అవును అని వచ్చినా మొత్తం మార్కులు ఎన్నయినా సరే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, రేపు అనకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కూడా చెప్పింది. గర్భిణుల్లో నూటికి 10 మందికి, కాన్పు అయినోళ్ళలో 13 మందికి మనసుకి సంబంధించిన ఇబ్బంది ఉంటదంట, ఎక్కువగా డిప్రెషన్, మనలాంటి దేశాల్లో అయితే అది 15.6, 19.8 దాకా పోతుందంట. చెప్పి హాలంతా ఒకసారి చూసి, "అంటే మన పదకొండు మందిలో ఒకరో ఇద్దరో, ఎవరని అడగను" అనింది. నాలుగు చేతులు లేచినాయి. "నేను అడగలేదు కదా" అని మేడం అంటే, చెయ్యెత్తినోళ్ళలో ఒకామె, "అడక్కపోయినా చెప్పాలనిపించింది" అనింది. ఆమె టీచర్, ఆత్మకూరు బస్టాండ్ వైపు ఉంటది. ఆమెకి అంతకుముందు నుంచే డిప్రెషన్‌కి మందులుండాయి, కడుపొచ్చిందని తెలియగానే ఇంట్లోవాళ్ళు మాన్పించేసినారంట. మేడం తల పట్టుకుంది. మీ అంతట మీరు ఆపొద్దు, మీ అంతట మీరు వాడొద్దు, రాసిన డాక్టర్ దగ్గరికే పొయ్యి కడుపుతో ఉన్నా అని చెప్పండి, వాళ్ళే మారుస్తారో ఉంచుతారో చూసుకుంటారు అని. డబ్బుల్లేనోళ్ళకి దర్గామిట్ట పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీకి పోవచ్చు అని కూడా చెప్పింది.

నేను సైకియాట్రిస్ట్ దగ్గరికి ఒకసారి పోయినా. మా అత్తకి థైరాయిడ్ డాక్టర్ అని చెప్పినా, అబద్ధం చెప్పినా, ఒప్పుకుంటా. ఆయన మందులు రాయలా. ముందు రక్తం చూపించుకోమన్నాడు. హిమోగ్లోబిన్ 9.2 ఉంది, 11 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క కదా గర్భిణులకి. నేను మనసు అలసట అనుకున్నదాంట్లో కొంత రక్తం తక్కువై వచ్చిన నీరసం అంట. ఐరన్ మాత్రలు నేను కాఫీతో మింగతా ఉన్నా ఇన్ని రోజులూ, అట్ట మింగితే వంటికి సరిగ్గా పట్టదంట, ఎవరూ చెప్పలా. ఇది రాస్తా ఉండేది ఎందుకంటే కొందరు అంతా మనసే అనుకుంటారు, కొందరు అంతా రక్తమే అనుకుంటారు, నాకు రెండూ ఉండాయి.

మూడో వారం గురించి తిట్టాలి. ఆ వారం మేడం ఊర్లో లేదు, బదులుగా ఎవరో పాజిటివ్ థింకింగ్ ఆయన్ని పిలిచినారు. కోటు వేసుకుని వచ్చినాడు ఫిబ్రవరి ఎండలో. తల్లి ఎప్పుడూ నవ్వుతా ఉండాలి, తల్లి దిగులు పడితే బిడ్డ ఏడుపుగొట్టు బిడ్డ అవుతాడు, మీ ఆలోచనే మీ బిడ్డ అని గంటసేపు. మా అత్త చెప్పిందే, కాకపోతే ఈయన మైకులో చెప్పినాడు. చివర్లో ఒక ప్రోటీన్ పౌడర్ డబ్బాలు తీశాడు. ఆ రోజు ఇంటికొచ్చి నాకు ఎంత దారుణంగా ఉందంటే, రాత్రి రెండుకి లేచి హాల్లో కూచుని, బిడ్డ కదలతానే ఉంది, అంతా బాగానే ఉంది, అయినా ఒళ్ళంతా వణుకు. మా ఆయన నైట్ డ్యూటీ. అప్పుడు మేడం బోర్డు మీద రాసిన నంబరు గుర్తొచ్చి 14416 కి ఫోన్ చేసినా.

టెలీ మానస్ అంటారు దాన్ని, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఫ్రీ, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు. నేనేమనుకున్నానంటే కస్టమర్ కేర్ లాగా ఉంటదేమో, వివరాలన్నీ అడిగి మనల్నే విసిగిస్తారేమో అని. ఎత్తినామె మాట గోదావరి యాస. "చెప్పండమ్మా, నేను వింటున్నాను, మీరు తొందరపడకండి" అనింది. ఇరవై నిమిషాలు మాట్లాడినా. ఆమె సలహాలు పెద్దగా ఏం ఇయ్యలా. పోయిన బిడ్డ గురించి అడిగింది. ఎన్నో వారం, ఆ రోజు ఎవరున్నారు పక్కన, ఇంటికొచ్చాక ఏం చేశారు అని. రెండేళ్ళలో ఆ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి. ముఖం కూడా తెలీదు. నా లెక్కలో దానికి అయిదుకి అయిదు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తేనో, రక్తం కనపడితేనో, కళ్ళు మసకలు తలనొప్పి వస్తేనో ఫోన్లో మాట్లాడతా కూచోకూడదు, నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలి.

తర్వాతి వారం బుచ్చి అక్క అందరి ముందరే మేడంని నిలదీసింది ఆ కోటు వేసుకొచ్చినాయన గురించి. మేడం క్షమాపణ చెప్పింది, మళ్ళీ పిలవం అనింది. కడుపుతో ఉన్నప్పుడు ఏడుపు రావడం తప్పు కాదు, వారాల తరబడి అదే పనిగా దిగులుంటే దానికి సాయం తీసుకోవాలి, ఏడ్చినందుకు బిడ్డకేదో అయిపోద్ది అని ఇంకో భయం నెత్తిన పెట్టకూడదు అని చెప్పింది. పౌడర్ కొన్న ముగ్గురికి డబ్బులు మాత్రం వెనక్కి రాలా. అందులో నేనొకదాన్ని. 750.

నాలుగో వారం మొగుళ్ళు. మా ఆయన నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినాడు, పాపం వచ్చినాడు అదే గొప్ప, కుర్చీలో కూచుని రెండు నిమిషాల్లో నోరు తెరుచుకుని నిద్ర. మేడం లేపి మరీ ఒక ఆట ఆడించింది. భార్య అయిదు నిమిషాలు తన భయం చెప్పాలి, భర్త సలహా ఇయ్యకూడదు, ఊరుకో అనకూడదు, ఊ కొట్టాలి అంతే. ఎనిమిది మంది మగవాళ్ళు వస్తే ఏడుగురు మొదటి నిమిషంలోనే ఔటు. "అట్టయితే డాక్టర్ని మారుద్దాం" అన్నాడు ఒకాయన. "రేపటి నుంచి టీవీలో ఆ సీరియల్ చూడకు" అన్నాడు ఇంకొకాయన. గెలిచింది మా ఆయన. ఎందుకంటే సగం నిద్రలో ఉండాడు కాబట్టి ఊ ఊ అంటానే ఉండాడు. కానీ చివర్లో "బాత్రూంకి పోయిన ప్రతిసారీ చూసుకుంటావా, ప్రతిసారీనా" అని అడిగినాడు. విన్నాడు అన్నమాట.

అయిదో వారం అత్తలు, అమ్మలు. దీని గురించే అసలు ఈ రివ్యూ రాయాలనుకున్నది. మా అత్త రానంటే రానంది, ఆ మెట్లు నావల్ల కాదు, ఆడికొచ్చి నేనేం మాట్లాడాలి అని. ఎట్టనో తీసుకొచ్చినా. మేడం కోడళ్ళని వెనక కూచోబెట్టి పెద్దోళ్ళని ముందు కూచోబెట్టి ఒకటే అడిగింది, మీ తొలికాన్పప్పుడు మీకు దేనికి భయమేసింది అని. కాసేపు ఎవరూ నోరెత్తలా. తర్వాత ఒకామె పాము కల అనింది, ఒకామె తన తల్లి కాన్పులోనే పోయింది అనింది. మా అత్త వంతు వచ్చింది. మా అత్త వంటింట్లో తప్ప ఎక్కడా నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాదు. "నాకు తొలిచూలు ఏడో నెల్లో పోయింది, విడవలూరులో, ట్రాక్టర్లో తీసకపొయ్యినారు, దార్లోనే అయిపోయింది, ఆడపిల్ల, నాకు చూపించలా, వారానికి నాట్లకి పోయినా" అనింది. ఇంతే. ఏడవలా. కొంగు సర్దుకుని మేడం వంక చూసి, ఇంక చాలా అన్నట్టు చూసింది.

నాకు పెళ్ళయి ఆరేళ్ళు. ఆ ఇంట్లో ఆ మాట నేను వినలా. మా ఆయనకి కూడా తెలీదంట, వాళ్ళక్క ఉండి ఉండేదని.

ఆ రోజు దిగేటప్పుడు మా అత్త నా మోచెయ్యి పట్టుకుని "మెట్లు నిదానంగా దిగమ్మాయ్" అనింది, అంతకుమించి ఏం మాట్లాడలా ఆటోలో కూడా. కానీ ఆ రాత్రి నేను లేచి హాల్లో కూచుంటే, ఆమె కూడా లేచి వచ్చి ఎదురుగా కూచునింది. ఏడవొద్దు అనలా. ఫ్యాను స్పీడు తగ్గించి, కాళ్ళు చాపుకో అనింది. తర్వాత నుంచి చానా రాత్రులు అట్టనే. నేను సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయిన సంగతి కూడా చెప్పేసినా, "థైరాయిడ్ కాదని నాకు తెలుసులే" అనింది.

ఆరో వారం కాన్పు గది గురించి. కాన్పు నొప్పుల టైంలో పక్కన మనకి నమ్మకమైన మనిషి ఉంటే నొప్పులు పడే టైం రవ్వంత తగ్గుద్దని, సిజేరియన్లు కూడా కొంత తగ్గుతాయని 15 వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద జరిపిన పరిశీలనల్లో తేలిందని చెప్పింది మేడం. ప్రభుత్వాసుపత్రుల్లో కూడా తోడుగా ఒక ఆడమనిషిని, కాన్పు అనుభవం ఉన్నామెని ఉండనియ్యమని కేంద్రం 2016లోనే చెప్పిందంట. మీరు ముందే మీ ఆసుపత్రిలో అడగండి, ఆ టైంలో వాచ్‌మన్‌తో గొడవ పడకుండా అని చెప్పింది. నేను అడిగినా, ఒప్పుకున్నారు. ఎవరొస్తారు అంటే మా అత్త పేరు చెప్పినా. దానికి మా అమ్మ రెండు రోజులు అలిగింది కనిగిరిలో, ఫోన్లో మూడు ప్రశ్నలు కూడా అడగలా. తర్వాత తనే చేసి, "నీకు భయంగా ఉందా" అని అడిగింది. నాలుగో ప్రశ్న! మా ఆడబిడ్డో ఎవరో చెప్పి ఉంటారని నా అనుమానం.

అదే రోజు గాజుల సంగతి కూడా జరిగింది. కావలి నుంచి వచ్చే అమ్మాయి ఉంది మా బ్యాచ్‌లో, ఇరవై రెండేళ్ళుంటాయేమో, ప్రేమ పెళ్ళి, ఇటువైపు వాళ్ళూ రారు అటువైపు వాళ్ళూ రారు, చలిమిడి తెచ్చే పుట్టిల్లు లేదు. ఏడో నెల దాటిపోతా ఉంది సీమంతం లేదు. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, బుచ్చి అక్కే అయ్యుంటది, అందరం తలా డజను మట్టి గాజులు తెచ్చినాం, ఒకామె పసుపు కుంకుమ, మా అత్త చలిమిడి చేసి స్టీలు డబ్బాలో పెట్టి పంపింది. కోటమిట్ట ఆమె పచ్చ గాజులు తెచ్చి తనే తొడిగింది, సైజు చిన్నదై సబ్బు నురగ రాసి ఎక్కించాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఆ ఇంగ్లీషు ఆడియో ఆపేసి ఫోన్లో పాటలు పెట్టింది. ఆ పిల్ల ఏడుస్తా నవ్వుతా, ఎవరూ ఊరుకో అనలా. ఈ క్లాస్ వాళ్ళ కరపత్రంలో ఇది ఉండదు, వాళ్ళు చేయించింది కాదు, కానీ ఆ హాలు లేకపోతే జరిగేది కూడా కాదు.

జూన్‌లో పాప పుట్టింది. పదకొండు గంటలు పట్టింది, మా అత్త చెయ్యి మీద నా గోళ్ళ గుర్తులు ఇంకా ఉండాయని ఇప్పటికీ వచ్చినోళ్ళందరికీ చూపిస్తది. మూడో రోజు నుంచి ఊరికినే ఏడుపు, పాలు పట్టేటప్పుడు ఏడుపు, ఎవరన్నా పాప ముక్కు నీలాగే ఉంది అంటే ఏడుపు. ఇది చానామందికి వస్తదని, రెండు వారాల్లో దానంతటదే తగ్గుద్దని, తగ్గకపోతేనే డాక్టర్ దగ్గరికి పోవాలని క్లాస్‌లో విని ఉండా కాబట్టి కంగారు పడలా, పదో రోజుకి తేలికయింది. మళ్ళీ ఆ పది ప్రశ్నల కాయితం నింపితే 6 వచ్చింది. మా బ్యాచ్‌లో టీచరమ్మకి తగ్గలా, ఆమె మందులు మళ్ళీ మొదలుపెట్టింది, ఇప్పుడు బాగుంది, పిల్లోడు గుండ్రాయిలా ఉండాడు.

జులైలో రొట్టెల పండగ వచ్చింది. బిడ్డ పుట్టినోళ్ళు మళ్ళీ పోయి రొట్టె తిరిగి ఇయ్యాలి కదా, నేనేమో పచ్చి బాలింతని, పోనియ్యలా. మా అత్త రొట్టెలు చేసుకుని ఒక్కతే పొయ్యింది. సాయంత్రం తడిసిన చీరతో వచ్చి, "ఇచ్చేసినా, కడప పిల్లంట, ఏడస్తా తీసుకునింది" అనింది. ఊరుకో అని చెప్పావా అని అడిగినా. "నేనెందుకు చెప్తా" అనింది.

సరే రివ్యూకి వస్తా. వ్యాయామం, శ్వాసకి రెండు స్టార్లు. మేడంకి, ఆ నాలుగు గడుల కాయితానికి అయిదు. ఆ కోటు వేసుకొచ్చినాయన రోజుకి మైనస్ ఉంటే మైనస్ ఇచ్చేదాన్ని. మీ దగ్గర డబ్బుల్లేకపోతే ఇదే క్లాస్ కావాలని ఏం లేదు, ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఫ్రీ చెకప్ ఉంటది, అంగన్‌వాడీ ఉంది, ఆడికి వచ్చినోళ్ళలోనే ఒకరిద్దరితో మాట కలపండి, నాకు మెట్ల మీద కలిసిందంటే మీకు వరండాలో కలవదా. చేరేటట్టయితే అయిదో నెల్లో చేరండి, ఏడు దాటాక ఆ మెట్లు కష్టం. మీ అత్తనో అమ్మనో ఆ అయిదో వారం మటుకు ఎట్టయినా తీసకపోండి. శనగలు అయిపోతాయి, పదకొండున్నరకల్లా ముందు వరసలో ఉండండి. బండి సందు చివర పెట్టుకోండి, కింద మందుల షాపు ముందు పెడితే ఆయన కడుపుతో ఉన్నామె అని కూడా చూడడు, అరుస్తాడు.